మీసం వచ్చేదాక

మా స్నానాల గది గూట్లో ఒక రేజర్ ఉంటుంది. ముందు తగిలించే ముక్కకు రెండే బ్లేడ్లు. ఇరవై ఏళ్లకు పైగా అదే పిడి, ముక్క మాత్రం మారుస్తుంటాను. ఆర్మూర్ పాత బస్టాండ్ దగ్గర ఒక దుకాణంలో ఆ ముక్కలు ఇంకా దొరుకుతాయి. దుకాణదారు వాటిని వెనక అరలోంచి తీస్తూ, ఇవి కొనేది నువ్వూ ఇంకో ఇద్దరు ముసలాళ్లూ అని ప్రతిసారీ అంటాడు. అననీ. గోటితో పోయేదానికి గొడ్డలెందుకని నేనూ ప్రతిసారీ అంటాను.

దాని గుణం పసుపు కాలంలో చూడాలి. ఉడికించి ఎండబెట్టిన కొమ్ములను డ్రమ్ములో తిప్పి పాలిష్ పట్టే రోజుల్లో ఆ దుమ్ము మొహమంతా, మెడ మడతలంతా చేరుతుంది. ఎంత కడిగినా గడ్డం మీద నురుగు పచ్చగానే వస్తుంది. రెండు బ్లేడ్ల నడుమ సందు ఉంటుంది గనక చెంబు నీళ్లలో రెండుసార్లు ఆడిస్తే శుభ్రమైపోతుంది. తల సన్నం గనక ముక్కు కింద, మీసం అంచున, ఎక్కడ ఆగమంటే అక్కడ ఆగుతుంది. ఊరికి పోతే జేబులో పడేసుకోవచ్చు. చార్జింగ్ పెట్టే పని లేదు, విడి బ్లేడుతో వేలు తెగుతుందన్న భయం లేదు. ఇంత మంచి వస్తువును కాదని ఒక్కసారి కొత్తదాని వెంట పోయాను. కొత్తొక వింత, పాతొక రోత అన్నారు. తప్పు ఆ కొత్తది ఇచ్చిన అల్లుడిది కాదు, రేజర్‌ది కూడా కాదు. నా బుద్ధిదే.

పోయిన పసుపు కాలంలో సంగతి. ధర బాగుంటుందని మా వైపు రైతులు మహారాష్ట్రలోని సాంగ్లీ మార్కెట్‌కు సరుకు తీసుకుపోతారు. నేనూ బయల్దేరాను. దుబాయి నుంచి వచ్చిన అల్లుడు నాకొక ఐదు బ్లేడ్ల రేజర్ ఇచ్చి ఉన్నాడు. దాని తల నా బొటనవేలి కంటే వెడల్పు. చూద్దాం, ఇందులో ఏముందో అని సంచిలో అదే పెట్టుకున్నాను. పాతది గూట్లోనే ఉండిపోయింది.

సాంగ్లీ లాడ్జిలో పొద్దున గడ్డం గీసుకుంటున్నాను. అద్దానికి అక్కడక్కడ కళాయి పోయి, సరిగ్గా నోరు కనబడాల్సిన చోట నల్లటి మచ్చ ఉంది. నా కళ్లు కనబడుతున్నాయి, గదవ కనబడుతోంది, మధ్యలో ఏమీ లేదు. పాతదాని అలవాటుతో ముక్కు పక్క నుంచి ఒక్క గీత గీశాను. పెదవి మీద చల్లగా తగిలింది. పక్కకు జరిగి చూస్తే ఎడమ వైపు మీసం లేదు.

మా దగ్గర తండ్రి బతికి ఉండగా కొడుకు మీసం తీయడు. తండ్రి పోతే, కర్మ చేసే రోజున తీస్తారు. అందుకే మీసం తీసిన మగవాడిని మావాళ్లెవరూ ఏమైందని అడగరు. చూడగానే తెలిసిపోతుంది. మా నాయినకు ఎనభై దాటాయి, అప్పటికి ఇంట్లో క్షేమంగా ఉన్నాడు. సగం మీసంతో మార్కెట్లోకి ఎట్లా పోను? చాలాసేపు నిలబడి, చివరికి రెండో వైపు కూడా తీసేశాను. మొదటి సగం పొరపాటు. రెండో సగం నా చేత్తో నేను తీసిందే. ఆ తేడా నన్ను ఇప్పటికీ వదలలేదు.

వెంటనే ఇంటికి ఫోన్ చేశాను. నాయిన మక్క రొట్టె తిని ఎండలో కూర్చున్నాడని నా భార్య చెప్పింది. గొంతు అట్లా ఉందేమని అడిగింది. జలుబు అన్నాను.

మార్కెట్లో పసుపు కుప్పల దగ్గర కమ్మర్‌పల్లి రైతులు ముగ్గురు, తెలిసినవాళ్లే, నవ్వుకుంటూ నిలబడి ఉన్నారు. నన్ను చూడగానే నవ్వు ఆగిపోయింది. వాళ్లలో పెద్దాయన తలకు చుట్టుకున్న తువ్వాల తీసి భుజాన వేసుకున్నాడు. బ్లేడు జారిందని, నాయిన బాగానే ఉన్నాడని నేను చెప్పాను. ముగ్గురూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. పెద్దాయన నా భుజం మీద చెయ్యి వేశాడు.

"ఔ బిడ్డా. కొన్ని దినాలు గట్లనే అనిపిస్తది. జర చాయ్ తాగు."

ఎంత చెప్తే అంత జాలిగా చూశారు. కొంతసేపటికి నాకే అనుమానం వచ్చింది, నేను చెప్పేది అబద్ధమేమోనని. మళ్లీ ఇంటికి ఫోన్ చేశాను. నాయిన నిద్రపోతున్నాడని నా భార్య చెప్పింది. లేపి చూడమన్నాను. తిట్టింది.

సరుకు అమ్మి బస్సెక్కి మరునాడు పొద్దున ఆర్మూర్‌లో దిగాను. నాకంటే కబురు ముందు దిగింది. ఆ ముగ్గురిలో ఎవరో ఫోన్‌లో అనడం, అది బాల్కొండలో ఇంకొకరు అనడం, నోరు మారినకొద్దీ చావు రోజు కూడా మారిపోయి, ఇప్పుడే పోయినట్టు అయింది. మా వాకిట్లో చెప్పుల కుప్ప. లోపల చుట్టాలు వరసగా కుర్చీల్లో కూర్చున్నారు, ఎవరూ మాట్లాడడం లేదు. వాళ్ల నడుమ మంచం మీద నాయిన. వచ్చినవాళ్లు బతికున్న మనిషిని చూసి వెంటనే లేచి వెళ్లడం బాగుండదని కూర్చుండిపోయారట. ముందే ఒక ఫోన్ చేయొచ్చు కదా అంటారేమో. చావింటికి ఫోన్ చేసి నిజమేనా అని ఎవరడుగుతారు? బయల్దేరి వచ్చేస్తారు.

అంతలో వీధి మలుపు నుంచి ఏడుపు వినిపించింది. భీమ్‌గల్ నుంచి మా మేనత్త, నాయినకు చెల్లెలు, అన్నా అన్నా అని రాగం తీసుకుంటూ వస్తోంది. ఆపుదామని ఒకరు లేవబోతే నాయిన చెయ్యెత్తి వద్దన్నాడు. తల వంచుకుని విన్నాడు. వాగు పొంగిన రోజు తనను భుజాల మీద కూర్చోబెట్టుకుని దాటించిన సంగతి, పెళ్లినాడు ఆకుపచ్చ గాజులు వెతికి తెచ్చిన సంగతి, ఒక్కొక్కటే చెప్తూ ఆమె గడప దాకా వచ్చింది. లోపల మంచం మీద అన్నను చూసి గొంతు తెగినట్టు ఆగిపోయింది.

"గంత యాదికున్నదా నీకు?" అన్నాడు నాయిన.

తర్వాత ఆయన కళ్లు నా మీద పడ్డాయి. దగ్గరికి రమ్మని సైగ చేశాడు. మంచం పక్కన కూర్చుంటే నా పై పెదవి మీద బొటనవేలితో ఒక చివర నుంచి ఇంకో చివరకు రాశాడు. జరిగింది చెప్పాను.

"ఇప్పుడు నేను పోతే తీసేటందుకు నీకేముంటది కొడుకా? రానీ. మీసం వచ్చేదాక నేను పోను."

అందరూ నవ్వారు. కుర్చీలు కదిలాయి, చాయ్‌లు వచ్చాయి, చుట్టాలు తేలికగా లేచి వెళ్లారు. నేను నవ్వలేకపోయాను. వచ్చేదాక పోను అంటే, వచ్చాక?

ఆ రోజు నుంచి నాయిన తీరు మారింది. తన చెప్పులు ఎవరికో ఇచ్చేశాడు. పోయినవాళ్ల కోసం పిట్టకు, అదే కాకికి, పెట్టినట్టే, తినబోయే ముందు తన కంచంలోంచే మొదటి ముద్ద తీసి గోడ మీద పెట్టేవాడు. ఎన్నడూ మా ఇంటికి రాని కాకి, ఆయన కంచం ముందు కూర్చోకముందే వచ్చి ఉండేది. ఏదైనా పాత విషయం గుర్తుచేస్తే, నేను పోయిన్నాడు ఎండ మస్తుండె అని మామూలుగా అనేవాడు. అది విని నా భార్య వంటింట్లోకి వెళ్లిపోయేది. రోజూ పొద్దున నన్ను పిలిచి పెదవి తడిమేవాడు. ఆ వేలి పగుళ్లలో ఏళ్లనాటి పసుపు ఉంటుంది. "ఇంక రాలే" అనేవాడు, అని లేచేవాడు.

నెల దాటాక మీసం నిండుతూ వచ్చింది. ఒక పొద్దున ఆ వేలు పెదవి మీద ఎక్కువసేపు ఆగింది. వస్తున్నది అన్నాడు. ఆ రోజు రెండు ముద్దలు తిని కంచం పక్కకు జరిపాడు.

మరునాడు గూట్లోంచి పాత రేజర్ తీశాను. పైన అంచున ఒక వెంట్రుకవాసి, కింద అంచున ఒక వెంట్రుకవాసి. చూసేవాళ్లకు తెలియకూడదు, తడిమేవాడికి మాత్రం ఇంకా రానట్టు ఉండాలి. ఐదు బ్లేడ్లదానితో ఈ పని జన్మలో కాదు. ఇది మాత్రం ఒక్కసారి కూడా నా మాట జవదాటలేదు. అట్లా రోజూ కొంచెం గీస్తూ వర్షాకాలం దాటించాను, చలికాలం దాటించాను. పసుపు మళ్లీ తవ్వకానికి వచ్చింది. ఎనభై దాటిన మనిషిని వెంట్రుకతో కట్టి ఉంచుతున్నానని నాకు తెలుసు. సిగ్గు లేదు. నాకు నాయిన కావాలి.

పోయిన వారం ఒక పొద్దున గూట్లో రేజర్ లేదు. ఇల్లంతా వెతికి మంచం దగ్గరికి పోతే, నాయిన దాన్ని పిడికిట్లో పట్టుకుని కూర్చుని ఉన్నాడు.

"చాలు బిడ్డా. ఇగ రానీ."

చెప్పులేసుకుని పాత బస్టాండ్ దగ్గరికి పోయాను. దుకాణదారు వెనక అరలోంచి పిడితో సహా ఇంకొకటి తీసి, పాతదేమైందని అడిగాడు. నాయిన దగ్గరుందని చెప్పాను. ఇంటికొచ్చి గీసుకుంటుంటే మీసం అంచున తెగింది.

నాయిన పిలిచాడు. వేలు పెట్టాడు. తీసి చూసుకుంటే పగుళ్లలోని పసుపు మీద ఎర్రటి చుక్క ఉంది. దాన్ని చాలాసేపు చూశాడు. గోడ మీద కాకి అప్పటికే వచ్చి ఉంది.

"ఇంక రాలే" అన్నాడు.

కంచం దగ్గరికి జరుపుకుని, కాకికి తీయకుండా, మొదటి ముద్ద తనే తిన్నాడు.