నారుమడిలో మట్టిరంగు మిడత

మా చిన్నప్పుడు... బందరు కాలవ పక్క ఊళ్ళో మా నాన్న కౌలుకు చేసే పొలం. ఆ ఏడు నారుమడి కొసలు పసుపెక్కాయి. మడి గట్టున కాలు పెడితే చాలు, తడి మట్టి పలుకులే ఎగిరినట్టు ఏవో చిటుక్కున లేచేవి... వాలాక వెతికితే కనపడవు. గోరంత పురుగు, అచ్చం బురద రంగు.

నాన్న ఒకదాన్ని అగ్గిపెట్టెలో పెట్టుకుని ఊళ్ళో పురుగుమందుల కొట్టుకి వెళ్ళాడు. వెనకే నేనూ, అక్క సలోమీ. కొట్టు యజమాని వెంకట్రావు గారు పెట్టె పూర్తిగా తెరవనైనా లేదు.

"మిడత పిల్ల ఏసోబూ. పెద్దదైందంటే మడంతా నాకేస్తది. మందు కొట్టెయ్."

డబ్బా అమ్ముడుపోతుందంటే చీమని చూపించినా ఏనుగు పిల్లనేవాడాయన. ఆ సంగతి నాన్నకీ తెలుసు. కానీ కాదంటే రేపు ఎరువు అడగడానికి మళ్ళీ ఆ గుమ్మమే ఎక్కాలి...

ముసురు పట్టి మందు కొట్టడం ఆగింది. ఈలోగా అక్క కొన్ని పురుగుల్ని గాజు సీసాలో వేసింది. అడుగున తడి మట్టి, దానిమీద పచ్చటి పాచి, పక్కన నాలుగు నారు మొక్కలు. చూరు కింద బోర్లా పడుకుని అదే పనిగా చూసేది. అన్నానికి పిలిచినా కదిలేది కాదు.

"నాన్నా, ఇవి పాచి తింటన్నయ్. నారు ముట్టుకోలేదు. వీపు మీద పెంకు కింద రెక్కలు కూడా ఉన్నయ్. మిడత పిల్లకి ఎగిరే రెక్కలుండవు గదా. ఇది పెద్దదే, ఇంతకి మించి పెరగదు."

నాన్న సీసా ఎత్తి చాలాసేపు చూశాడు. ముసురు తగ్గాక సగం మడికే మందు కొట్టాడు. కొట్టిన సగంలో పురుగులు చచ్చాయి, పాపం కప్పలూ చచ్చాయి. పసుపు మాత్రం రెండు వైపులా అలాగే ఉంది... ముసురుకి పైపైనే తడిసిన మడిలో, కాలవకి నీళ్ళొదిలి నిండా నిలిచాక, రెండు వైపులా ఒకేలా పచ్చబడింది.

ఆ సంగతి నాన్న కొట్లో చెబితే వెంకట్రావు గారు తల కూడా ఎత్తలేదు.

"గాలికి మందు అటు కూడా పోయుంటదిలే."

"అటు పోతే అటు పురుగులెందుకు చావలేదండీ?" అంది అక్క.

ఆయన గుడ్డ తీసుకుని తక్కెడ తుడవడం మొదలుపెట్టాడు. అంతమంది రైతుల పంట ఆయన నోటి మాట మీద నడిచింది... పురుగుని వెలుతురులో పెట్టి చూడటానికి బద్ధకించే మనిషి మాట మీద. ఆ తర్వాత నాన్న మందు డబ్బా కొనే ముందు అక్కని పొలానికి పిలిచేవాడు.

మొన్న భవానీపురంలో మా అపార్ట్‌మెంట్ పూలకుండీల దగ్గర అదే పురుగు కనిపించింది. ఎవరో ఫోటో తీసి గ్రూపులో పెట్టారు... 'విషపు పురుగు, కుడితే ప్రాణాపాయం, పిల్లల్ని కిందికి పంపకండి.' కింద వరసగా దండాలు, కృతజ్ఞతలు. ఇన్ని డిగ్రీలున్న జనంలో ఒక్కరూ నడుం వంచి చూడలేదు. సాయంత్రానికి మందు కొట్టించేశారు.

ఆ రోజుల్లో అబద్ధం చెప్పేవాడు అమ్ముకోవడానికైనా చెప్పేవాడు... ఇప్పుడు ఊరికే పంచుతున్నారు.

మాకు ఆ పురుగు పేరు కూడా తెలీదు. మీవైపు దాన్నేమనేవాళ్ళు? మీ ఇళ్ళలో నేల మీద బోర్లా పడుకుని పురుగుల్ని చూసే పిల్లలు ఇంకా ఎవరైనా ఉంటే... వాళ్ళ గురించి రాయండి, చదవాలనుంది.