వసంత రాసిన బాపు

సకల జనుల సమ్మెకు బడి మూతపడగానే సారంగాపూర్ పిల్లలంతా సంబరపడ్డారు. తొమ్మిదో తరగతి వసంత మరీ సంబరపడింది. బడిలో రాయమన్న 'మా అమ్మానాన్నలు' వ్యాసం బాధ తప్పిందనుకుంది. కానీ తెలుగు చెప్పే దేవయ్య సారు సమ్మె టెంటులో కూర్చుని కూడా ఊరుకోలేదు. "రాసినోళ్లు టెంటుకాడికే తెచ్చి చూపెట్టుర్రి" అని కబురంపాడు.

వసంత తండ్రి దుబాయిలో కూలి. తల్లి మస్కట్‌లో ఎవరింట్లోనో వంటపని. అమ్మమ్మ నర్సవ్వ దగ్గర పెరుగుతున్న వసంతకు, తనలాంటి రచయిత్రి ఈ మండలంలోనే లేదని గట్టి నమ్మకం. అంతటి రచయిత్రి మొదటి వాక్యం దగ్గరే చతికిలపడింది. నాన్న పొద్దున లేవడంతో మొదలుపెడదామంటే, ఆయన ఎన్నింటికి లేస్తాడో ఆమెకు తెలియదు. అమ్మమ్మనడిగింది.

"నాకేమెరుక బిడ్డా. అల్లుడు ఈడున్నప్పుడైతే లేపితెనే లేస్తుండె."

అది వ్యాసానికి పనికిరాదు. గైడులోని ఆదర్శ తండ్రిని ఎత్తుకెళ్లి దుబాయిలో దింపింది. ఆయన తెల్లవారుజామునే లేచి, వ్యాయామం చేసి, పేపరు చదివి, సముద్రం వైపు తిరిగి తెలంగాణను తలుచుకుంటాడు. తల్లి చేతికి వీణ కూడా ఇచ్చింది. రాసింది చదువుకుంటే ఆమెకే కళ్లు చెమర్చాయి.

టెంటులో ఉపన్యాసాలు అయిపోయాయి, నిరసనగా రోడ్డు మీద వండుతున్న అన్నం ఇంకా ఉడకలేదు. వసంత తెచ్చిన కాగితం చూడకుండానే సారు మైకు ఆమె చేతికిచ్చాడు. వసంత గొంతు సవరించుకుని చదివింది. చప్పట్లు మోగాయి. గర్వంగా తలెత్తేసరికి, దుబాయిలో పనిచేసి వచ్చిన ముత్తయ్య అడిగాడు.

"మీ బాపు ఏ లేబర్ క్యాంపుల ఉంటడు బిడ్డా? నేను గూడ ఆడనే ఉంటి."

మేడలో ఉంటాడనబోయి ఆగింది.

"నాకు తెల్వది కాకా."

మైకు ఆ మాటను కూడా ఊరంతటికీ వినిపించింది.

శుక్రవారం తండ్రి ఫోన్ చేశాడు.

"బాపూ, నీ మీద అన్ని అబద్ధాలే రాసిన."

"సదువు, ఇంట."

విన్నాడు. వ్యాయామం దగ్గర దగ్గు వచ్చేదాకా నవ్వాడు.

"మూడుగొట్టంగనే లేస్తం బిడ్డా. బాత్రూంల కాడ లైను గట్టాలె. పేపరేడిది?"

"మరి తెలంగాణ యాదికొస్తదా?"

"పనికివొయ్యే బస్సుల కునుకుతీస్తం గదా, గప్పుడొస్తది."

వసంత కొత్త కాగితం తీసి అట్లాగే రాసుకుంది. "ఇంకేంది" అని అడుగుతూ పోయింది. గదిలో ఎవరుంటారు, కూర ఎవరు వండుతారు, ఎండలో తలకు ఏం చుట్టుకుంటారు, అన్నీ చెప్పాడు. నాన్నతో అంతసేపు మాట్లాడటం ఆమెకు అదే మొదలు.

సారు ఆ కాగితం చదివి, "మరి మీ అమ్మ ముచ్చటేది?" అన్నాడు.

"ఇంక ఫోన్ చెయ్యలే సార్. చెయ్యంగనే అడుగుత."

"అడుగు. తొందరేం లేదు" అంటూ సారు కాగితం తిరిగి ఆమె చేతికే ఇచ్చాడు.