పాఠాల చానెల్ పోయిన ఏడు

మా చిన్నప్పుడు... కురుగోడులో మధ్యాహ్నం అన్నాలు కాగానే మా పడసాలలో టీవీ ముందు సరళ వచ్చి కూర్చునేది. ఒళ్ళో నా అకౌంట్స్ పుస్తకం.

సరళ మా మేనత్త కూతురు. తరువాత నా భార్య.

ఇద్దరం ఒకే ఏడు పదో తరగతి గట్టెక్కాం. నేను బస్సెక్కి బళ్ళారి కాలేజీకి పోయాను. ఆమెను పంపలేదు. "ఇంట్లోనే సదివి పీయూసీ పాస్ కా. అప్పుడు డిగ్రీకి బళ్ళారికి పంపిస్తా" అన్నాడు వాళ్ళ నాన్న. పీయూసీ అంటే మీ ఇంటర్.

ఊరికి కొత్తగా కేబుల్ వచ్చిన రోజులవి. అందులో ఒక పాఠాల చానెల్... కళ్ళజోడు మాస్టారొకాయన ఇంగ్లీషులో అకౌంట్స్ చెప్పేవాడు. మొదట్లో ఆమెకు అంకెలు మాత్రమే అర్థమయ్యేవి. మెల్లగా మాటలూ అందాయి.

సాయంత్రం నేను బస్సు దిగి రాగానే ఎగతాళి. "ఏం బావా, మీ కాలేజీలో తరుగుదల పాఠం అయిపాయనా? మా సారు నిన్ననే చెప్పేసినాడు!"

ఒకరోజు ఆ చానెల్లో సినిమా పాటలు వస్తున్నాయి. మరునాడూ అవే. ఇద్దరం కేబుల్ ఆయన అంగడికి పోయాం.

"అన్నా, పాఠాల చానెల్ యాడ పోయింది?"

"తీసేసినా తల్లీ. జనం పాటలు అడుగుతాండారు. పాఠాలు ఎవురు చూస్తారు?"

"నేను చూస్తాండా కదన్నా."

"నువ్వొక్కదానివే కదమ్మా! ఊరంతా నన్ను తిడతాండాది." నవ్వుతూనే అన్నాడు. చెడ్డవాడేం కాదు.

మిగిలిన పాఠాలు నేను చెప్పాను... నాకు వచ్చినంత. అన్నీ పాసయింది, అకౌంట్స్ పోయింది. "ఇంగ చాల్లేమ్మా" అన్నాడు వాళ్ళ నాన్న. ఆమె మళ్ళీ అడగలేదు.

తరువాత అలాంటి చానెళ్ళు వచ్చాయి, పోయాయి. చూసేవాళ్ళు తగ్గారు.

పోయిన ఏడు ఆసుపత్రిలో, సరళ మంచం పక్కన, ఒక మధ్యాహ్నం ఏమీ తోచక, ఫోన్‌లో అకౌంట్స్ పాఠం వెతికి ఆమె చేతికిచ్చాను. తెలుగులోనే ఉంది. ఎవరో కుర్రవాడు చెబుతున్నాడు. చివరిదాకా చూసింది.

"ఇంత సులభమా బావా, ఇది?" అంది.

ఆ నెలలోనే సరళ పోయింది.

ఇప్పుడు పాఠాలకు కొదవ లేదు... ఏ అంగడికీ పోయి అడగక్కర్లేదు.

మీ ఇళ్ళల్లో టీవీ చూసి చదువుకున్న ఆడపిల్లలు ఉన్నారా? ఒక్కరైనా పాసయి ఉంటే... రాయండి.