నాన్న రాని సభ

నేను డాక్టరు చదువు పూర్తిచేసి జంషెడ్‌పూర్‌లోనే ఒక ఆసుపత్రిలో చేరిన ఏడాదే నాన్నకి గుండెపోటు వచ్చింది. పంతొమ్మిదివందల డెబ్బైల చివరి రోజులవి. నాన్న ఫ్యాక్టరీలో క్రేన్ నడిపేవాడు. భుయ్యాడీహ్‌లో మా ఇల్లు. బస్తీలో ఎవరింట్లో గొడవైనా ముందుగా వినిపించేది ఆయన గొంతే.

ఆసుపత్రి నుంచి ఇంటికొచ్చాక ఆ గొంతు పోయింది. మందులు వేళకి వేసుకునేవాడు. కానీ మంచం దిగేవాడు కాదు. నీళ్ళ బకెట్టు ముట్టుకోడు, పక్కకి ఒరిగి పడుకోడు. గుండె బాగానే ఉందని నేను ఎంత చెప్పినా తలూపి ఊరుకునేవాడు.

మా ఆసుపత్రికి వచ్చే మిగతా గుండె రోగులూ అలాగే ఉన్నారని అప్పుడే గమనించాను. ప్రాణం నిలబడింది, బతుకు ఆగిపోయింది. వాళ్ళని భార్యలతో సహా ఒకచోట కూర్చోబెట్టి మాట్లాడిస్తానని మా పెద్ద డాక్టరుగారిని అడిగాను.

"కబుర్లతో గుండె బాగుపడుతుందా?" అని నవ్వారు. కాదని మాత్రం అనలేదు.

కాసిడీహ్‌లో ఒక బడి గది ఆదివారాలు ఇచ్చారు. నాన్ననీ అమ్మనీ బతిమాలి రిక్షాలో తీసుకెళ్ళేదాన్ని. మొదట్లో అందరూ ఎండ గురించి, డ్యూటీ గురించి మాట్లాడి వెళ్ళిపోయేవారు. ఒకరోజు ఉన్నట్టుండి నాన్న నోరు విప్పాడు.

"నాకు బయమేత్తంది. కళ్ళు మూత్తే మళ్ళీ తెరుత్తానో లేదో అని. ఇన్నాళ్ళూ మా ఆవిడకీ సెప్పలేదు."

అమ్మ కొంగుతో మొహం కప్పుకుంది. నేను ఆ మాట హిందీలో చెప్పగానే పక్కనున్న బిహారీ ఫిట్టరు నేల చూస్తూ "ముఝే భీ" అన్నాడు. నాకూ అంతేనని. ఆ తర్వాత ఆ గదిలో మాటలకి కరువు రాలేదు. సువర్ణరేఖ ఒడ్డున కలిసి నడిచేవారు. బీడీలు మానేసేవారు, మళ్ళీ అంటించేవారు, మళ్ళీ మానేసేవారు. నాన్న తిరిగి అమ్మతో పోట్లాడడం మొదలుపెట్టాడు. అది విని నేను వంటింట్లో ఏడ్చాను.

ఈ ఆదివారాల గురించి ఒక వ్యాసం రాసి పంపాను. కొన్నాళ్ళకి కలకత్తాలో జరిగే గుండె వైద్యుల సభలో, పరిశోధన కొత్తగా మొదలుపెట్టిన వాళ్ళకిచ్చే గుర్తింపు నాకు వచ్చిందని కబురొచ్చింది. నాకంటే నాన్నే ఎక్కువ పొంగిపోయాడు.

"నానూ వత్తాను. ముందు వరసలో కూకుంటాను," అని జుగ్సలాయి బజారుకి వెళ్ళి చొక్కా కుట్టడానికిచ్చి వచ్చాడు.

ఆ చొక్కా తొడుక్కోలేదు. ఒక ఉదయం అరుగు మీద టీ తాగుతూ పక్కకి ఒరిగిపోయాడు. నేను పరుగున వచ్చేసరికే అంతా అయిపోయింది.

కర్మకాండలు ముగిసిన వారంలోనే సభ. వెళ్ళనన్నాను.

"ఎల్లు," అంది అమ్మ. "ఆ పొద్దున్న కూడా నవ్వినాడు. బయపడతా పోలేదు. అది నీ వల్లే కదా."

వేదిక మీద శాలువా కప్పారు. నా పని గురించి మంచి మాటలు చెప్పారు. చివర్లో సభలోంచి ఒకాయన లేచి, మీరు మాట్లాడించిన వాళ్ళలో ఎవరైనా చనిపోయారా అని అడిగాడు.

"ఒకరు," అన్నాను. "మా నాన్న."

ఆయన మొహం వాడిపోయింది, మన్నించమన్నాడు. అడగాల్సిన ప్రశ్నే అడిగారని చెప్పి కూర్చున్నాను. ముందు వరస వైపు చూడలేకపోయాను.

తిరిగొచ్చాక ఆదివారం అమ్మని కూడా ఆ బడి గదికి తీసుకెళ్ళాను. ఆడవాళ్ళ మధ్య కాసేపు కూర్చుంది. ఒకాయన తనకి మళ్ళీ నిద్ర పడుతోందని చెబుతుంటే అతని భార్య నవ్వింది. అమ్మ చప్పుడు చేయకుండా లేచి బయటికి వచ్చేసింది.

"ఏటయ్యిందమ్మా?" వెనకాలే వెళ్ళి అడిగాను.

"ఆళ్ళ మొగుళ్ళు మాటాడతన్నారు. ఇనలేకపోతన్నాను. నన్ను ఇక్కడికి తేకమ్మా."

రిక్షా ఎక్కించాను. మలుపు తిరిగేదాకా అమ్మ వెనక్కి చూడలేదు. లోపల అందరూ నా కోసం ఎదురుచూస్తున్నారు. కళ్ళు తుడుచుకుని వెళ్ళాను.