తూర్పేది, దక్షిణమేది

మా ఆయన నాకు మేనత్త కొడుకు. చేపల బోటు మీద ఇంజను చూసుకునేవాడు. ఇంట్లో ఉంటే మాత్రం తీగలూ చిప్పులూ ముందేసుకుని కూర్చునేవాడు. సముద్రంలో ఫోను పలకదని రెండు రేడియో పెట్టెలు చేశాడు. ఒకటి బోటులో, ఇంకోటి బందరులో మా డాబా మీద. బోటు, రేవు నుంచి తూర్పుకి ఎన్ని కిలోమీటర్లో, దక్షిణానికి ఎన్ని కిలోమీటర్లో చెప్పే రెండు అంకెలు ఇంట్లో తెర మీద పడేవి. అంకెలే, పక్కన పేర్లుండవు. ఏది ఏదో తనకి తెలుసు, చాలనుకున్నాడు. "ఎవరికి బావా ఈ బొమ్మలాట?" అని దెప్పేదాన్ని.

ఆ పూట ముసురు పట్టింది. బోట్లన్నీ వచ్చేశాయి, బావ ఉన్న బోటు తప్ప. తెర మీద ముప్పై ఎనిమిది, తొమ్మిది అని పడి, ఆ తర్వాత ఇంకేమీ రాలేదు. గాలి గంటకో దిక్కు తిరుగుతోంది. రేవులో మావయ్య, అంటే బావ నాన్న, రెండు బోట్లు సిద్ధం చేయించి ఫోను చేశాడు.

"ఎటు పంపమంటావమ్మా? డీజిలు ఒక దిక్కుకే సరిపోద్ది."

బావ రాసిన ప్రోగ్రాం తెరిచాను. ఆ భాష గుడివాడ పాలిటెక్నిక్‌లో నేనూ కొంత నేర్చుకున్నదే. అందులో అంకెలు కంచాల దొంతరలా పడతాయి, చివర వచ్చింది పైన ఉంటుంది. వాటికి ఆ ప్రోగ్రాం ముక్క మొదట్లో పేర్లు పెట్టుకోవచ్చు. ఆ ముక్క దాటితే ఆ పేర్లు చెల్లవు. బావ పెట్టిన పేర్లు కనిపించాయి: తూర్పు, దక్షిణం. నా ప్రాణం లేచొచ్చింది. మొదటి అంకె తూర్పు, రెండోది దక్షిణం.

"తూర్పుకి బాగా లోపలికెళ్లాలి మావయ్యా," అన్నాను. బోట్లు వెళ్లిపోయాయి.

కొత్త అంకె ఏదైనా పడుతుందేమోనని తెర ముందే కూర్చున్నాను. తోచక ఆ పేర్లనే మళ్లీ చూశాను. అప్పుడు కనిపించాయి, వాటికి అటూ ఇటూ ఉన్న నిలువు గీతలు. మాకు కాలేజీలో నేర్పింది ఫ్లవర్ బ్రాకెట్లు. అందులో పేర్లు అంకెలు వచ్చిన వరసలోనే అతుక్కుంటాయి. బావ ఏదో పాత పుస్తకం చూసి నేర్చుకున్నాడు. నిలువు గీతల పద్ధతిలో మొదటి పేరు దొంతర పైదానికి పోతుంది. అంటే చివర పడ్డ తొమ్మిది తూర్పు, ముప్పై ఎనిమిది దక్షిణం. బావ దివిసీమ దగ్గర, నాగాయలంక వైపున్నాడు. నేను అందరినీ నడిసముద్రంలోకి తోలాను.

దేవుడా, దేవుడా అనుకుంటూనే ఫోను నొక్కాను.

"మావయ్యా, తప్పు చెప్పాను. నాగాయలంకలో మన వాళ్లెవరైనా ఉంటే అక్కణ్ణించి పంపించండి. దక్షిణమండీ, దక్షిణం!"

"ఈసారి ఖాయమేనా అమ్మా?"

"ఖాయమే," అన్నాను. ఖాయమో కాదో నాకే తెలియదు. పాత పుస్తకాల్లో అలాగే ఉంటుందని ఎప్పుడో విన్న మాట, అంతే. ఆ మాట మీద మనిషి ప్రాణం పెట్టాను.

తూర్పుకెళ్లిన బోట్లు ఉత్తినే తిరిగొచ్చాయి. చీకటి పడేలోగా నాగాయలంక వాళ్లు బావ బోటుకి తాడు కట్టి లాక్కొచ్చారు. మావయ్యా నేనూ అక్కడికి వెళ్లేసరికి బావ గట్టు మీద కూర్చుని ఉన్నాడు. పెదాలు పగిలి, ఒళ్లంతా ఉప్పు కట్టి ఉంది. ఏడుపు రాలేదు నాకు. వెళ్లి చొక్కా పట్టుకున్నాను.

"ఏది తూర్పో పక్కన ఒక్క ముక్క రాయొచ్చుగా బావా! చచ్చిపోయేవాడివి!"

బావ నన్ను వింతగా చూశాడు.

"బొమ్మలాటన్నావుగా. నువ్వు చదువుతావనుకోలేదే," అన్నాడు.

నా చేతిలోంచి చొక్కా జారిపోయింది.