జబ్బు పెట్టిన సెట్టు

ఆ రోజు మా మేనత్త కుర్చీలోంచి ఎందుకు లేవలేదు? ఇన్నేళ్ళయినా నాకు జవాబు తెలియదు. లేచి, బల్ల దగ్గరికి నాలుగడుగులు వేసి, ఒక తీగను వేలితో నొక్కి ఉంటే ఆమె బతుకు ఇంకోలా ఉండేది. ఆ సంగతి ఆ గదిలో ఉన్న అందరికన్నా ఆమెకే బాగా తెలుసు.

ఆమె మా నాన్నకు అక్క. చిన్నప్పటినుంచీ ఏది దొరికితే అది విప్పడమే పని. “మా ఇంట్లో రేడియో పాడిన రోజులకన్నా పొట్ట తెరుచుకుని పడుకున్న రోజులే ఎక్కువ” అనేవాడు నాన్న. ఇంజినీరింగులో చేరిన ఏడాది, తరగతి మొత్తానికి ఆడపిల్ల ఆమె ఒక్కతే. చదువయ్యాక టెలిఫోను ఎక్స్ఛేంజిలో ఇంజినీరు ఉద్యోగానికి వెళ్తే గుమ్మం దగ్గరి జవాను, “ఆపరేటర్లను పిలిచేది పక్కగదిలోనమ్మా” అన్నాడట.

“ఆ ఆపరేటర్ల బోర్డు పాడైతే ఎవర్ని పిలుస్తారు?” అని అడిగిందట ఈమె.

“ఇంజినీరు గార్ని.”

“అయితే నాది ఈ గదే.”

ఈ ముక్క చెప్పి నాన్న నవ్వేవాడు. అత్తయ్య నవ్వేది కాదు. ఉద్యోగమైతే ఇచ్చారు గాని, పై మెట్టు ఖాళీ అయినప్పుడల్లా ఆమెను దాటుకుని ఎవరో ఒకరు ఎక్కిపోయారు. దూరపు ఊళ్ళను తీగ లేకుండా కలిపిన మొదటి టవరు మీద, గాలికి వేలాడుతూ యాంటెన్నా తిప్పి సరిచేసింది ఆమె. ప్రారంభం నాటి ఫోటోలో ఉన్నది అధికారులు. వాళ్ళ వెనకాల ఆమె మోచెయ్యి మాత్రం పడింది.

విసిగిపోయి కాలేజీలో పాఠాలు చెప్పడానికి వచ్చింది. అప్పటికి అక్కడ ఎలక్ట్రానిక్సుకు విడిగా శాఖ లేదు. భౌతికశాస్త్రం వాళ్ళు తమకక్కర్లేని సామాను గది ఒకటి వదిలారు. అదే లాబు. గోడకు ఇవతల లైబ్రరీలో నా ఉద్యోగం. పొద్దస్తమానం అవతలినుంచి గురగురలు, ఈలలు, టంకం పొగ వాసన మా నిశ్శబ్దంలోకి వస్తూనే ఉండేవి.

ఆమె పద్ధతి వేరు. రేడియో సెట్లన్నీ పిల్లల చేతనే కట్టించేది. కట్టడం అయ్యాక తాను కూర్చుని కొన్నిటికి జబ్బు పెట్టేది. అంటే, పైకి అతికినట్టుండి లోపల అతకని టంకం వెయ్యడమో, మంచి భాగం తీసేసి చచ్చినదాన్ని పెట్టడమో. పరీక్ష నాడు ఆ సెట్టు చేతికిచ్చి, జబ్బేమిటో కనుక్కోమనేది. ముందే మీటరు ముట్టనిచ్చేది కాదు. “విను ముందు. ఎక్కడ నొప్పో అదే చెప్తుంది.” ఏ సెట్టు మంచిదో ఏది జబ్బుదో పైకి గుర్తేమీ పెట్టేది కాదు, పిల్లలు పసిగట్టేస్తారని. ఇంకో నియమం, ఎవరి చేతిలో సెట్టు ఆగిపోతే వాళ్ళే దాన్ని పలికించాలి. వేరొకరు చెయ్యి పెట్టకూడదు. తాను అసలే పెట్టదు, ఎదుటివాళ్ళు ఏడ్చినా సరే. పిల్లలు ఎదురుగా “మేడమ్” అనేవాళ్ళు, చాటుగా “రోగాలమ్మ” అనేవాళ్ళు.

వాళ్ళలో ఒకణ్ణి గురించి మాత్రం, “వాడికి చెవి ఉందిరా” అని ఇంటికొచ్చి మరీ చెప్పింది. చదువు ముగియగానే ప్రిన్సిపాలుతో పోట్లాడి అతన్ని లెక్చరరుగా తెచ్చుకుంది. నాన్నకు అతను నచ్చలేదు.

“అక్కా, వాడికి చెవి సంగతేమో గాని నోరు మాత్రం బ్రహ్మాండంగా ఉంది.”

“ఉండనీరా. అది నాకు లేదుగా, ఎవరికో ఒకరికి ఉండాలి.”

విడిగా శాఖ కావాలని, దాన్ని తన పద్ధతిలో నడపాలని ఆమె ఏళ్ళ తరబడి అడిగింది. అడిగి అడిగి నోరు నొప్పి పుట్టాక, నిపుణుల కమిటీ వచ్చి లాబు చూస్తుందన్నారు. వాళ్ళు ఊ అంటే శాఖ వస్తుంది, దానికి ఆమె పెద్ద అవుతుంది. ఆమె కోరుకున్నదల్లా అదొక్కటే.

ఆవరణ అవతలి మేడ మీదినుంచి ఒకరు మాట్లాడితే, తీగ లేకుండా ఇక్కడి సెట్టులో వినబడాలి. అదీ ప్రదర్శన. సెట్టు లెక్చరరు నడుపుతాడని ఆమే చెప్పింది. కమిటీ వచ్చిన పొద్దున ప్రిన్సిపాలు ఆమెను తన గదికి పిలిపించుకున్నాడు. ఈలోగా లెక్చరరు బీరువా తెరిచి, ఉన్నవాటిలో పెట్టె నిగనిగలాడుతున్నది ఏరి బల్ల మీద పెట్టాడు. అది పరీక్షకని ఆమె జబ్బు పెట్టి ఉంచినది. లోపల ఒక తీగకు అతకని టంకం, చల్లగా ఉన్నంతసేపూ బాగా పలికి, వేడెక్కితే గాని బయటపడని జబ్బు.

కుర్చీలు చాలక లైబ్రరీవి మోసుకెళ్ళిన నేను గుమ్మంలోనే నిలబడిపోయాను. మొదట గొంతు ఖంగున వచ్చింది. కమిటీ పెద్ద తలూపాడు. కాసేపటికి గొంతు నీళ్ళలో మునిగినట్టు మునిగింది, తేలింది, మళ్ళీ మునిగి ఇక రాలేదు. కమిటీతోబాటు వచ్చి కూర్చున్న అత్తయ్య మొహం చూశాను. ఆమెకు తెలిసిపోయింది. చేతులు ఒళ్ళో పెట్టుకుని లెక్చరరు వంకే చూస్తోంది. పరీక్ష నాటి చూపు అది.

అతను మరలు తిప్పాడు. పెట్టె మీద చరిచాడు. అవతలివాళ్ళు సరిగ్గా మాట్లాడ్డం లేదన్నాడు. చివరికి, “మేడమ్, మీరొకసారి చూస్తారా?” అన్నాడు.

“విను నాయనా” అంది ఆమె.

“ఏం వినమంటారమ్మా, అది నోరు మూసుకుంటేను” అన్నాడు కమిటీ పెద్ద. అందరూ నవ్వారు.

లెక్చరరు మొహం కందిపోయింది. “ఇది మేడమ్ కావాలని పాడుచేసి పెట్టిందై ఉంటుందండి. ఆవిడకు ఆ అలవాటుంది.”

“కాలేజీ సామాను కావాలని పాడుచేస్తారా?”

“చేస్తాను” అంది అత్తయ్య.

అతను అబద్ధమాడలేదు. అందుకే ఈనాటికీ అతన్ని మనసారా తిట్టుకోలేకపోతున్నాను.

ఆ సాయంత్రం నాన్న ఊరుకోలేదు. “లేచి ఒక్క నొక్కు నొక్కితే పోయేది కదక్కా.”

“నేను నొక్కితే వాడికేం వస్తుంది?”

“వాడికి రాకపోతే గంగలో కలవనీ. నీకు శాఖ వచ్చేది.”

“ఆ లైటు తీసెయ్‌రా, కళ్ళు మండుతున్నాయి” అని గోడవైపు తిరిగింది.

శాఖ వచ్చింది. దాని పెద్ద కుర్చీలోకి లెక్చరరు వచ్చాడు. పరికరాలను మంచి స్థితిలో ఉంచగలవాళ్ళ చేతిలో పెట్టమని కమిటీ చెప్పిందట. ఇక ఆమె అతని కింద పనిచెయ్యాలి. మానేస్తుందనుకున్నాను. మానలేదు. కుర్చీలో కూర్చున్న మొదటిరోజే అతను ఆమె దగ్గరికొచ్చాడు.

“మీరే నా గురువు, మేడమ్. ఎప్పటికీ మీ తర్వాతే నేను. కాకపోతే ఆ జబ్బుల పద్ధతొకటి మానేద్దాం. పిల్లలు బెదిరిపోతున్నారు.”

“సరే.”

“కోపం లేదుగా?”

“మీ పాఠానికి వేళయింది, వెళ్ళండి.”

అతన్ని ఆమె ‘మీరు’ అనడం అదే మొదలు.

పిల్లలు కట్టిన సెట్లు మూలకు పోయాయి. కంపెనీలో బిగించిన కొత్తవి వచ్చాయి. అతను పాఠం చెప్తుంటే ఆమె వెనక బెంచీల మధ్య తిరుగుతూ పర్యవేక్షించేది. అవతలినుంచి ఆమె గొంతు నాకు వినబడడం తగ్గిపోయింది.

ఒకరోజు మధ్యాహ్నం ఒక అమ్మాయి దగ్గరున్న సెట్టు ఆగిపోయింది. ఎవరూ ఏమీ చెయ్యలేదు, దానంతటదే ఆగింది. మా గోడ పలచన, ప్రతి మాటా వినబడింది.

“సార్, దీంట్లో ఏదో చిటపటమని...”

“పక్కన పెట్టేసి బీరువాలోంచి ఇంకోటి తీసుకోమ్మా. మనకు టైం లేదు.”

“ఒక్క నిమిషం సార్, వింటే తెలిసేలా ఉంది. మేడమ్, ఇదేమై ఉంటుందంటారు?”

“నీ చేతిలో ఆగింది కదమ్మా” అంటూ అత్తయ్య మొదలుపెట్టింది. చాలా రోజులకు విన్నాను ఆ గొంతు. “చెవి దగ్గర పెట్టుకుని...”

“మేడమ్” అన్నాడతను, ఎంతో మర్యాదగా. “పాఠం నడుస్తోంది.”

బీరువా తలుపు తెరిచిన చప్పుడు, ఒక సెట్టు లోపల పెట్టి ఇంకోటి తీసిన చప్పుడు. తర్వాత లాబు తలుపు కిర్రుమంది. అత్తయ్య మా కిటికీ పక్కనుంచి వెళ్తూ కనబడింది. రోజూ అటు వెళ్తే కిటికీ ఊచ మీద వేలితో కొట్టి నన్ను పలకరించేది. నేను తలెత్తి సిద్ధంగా ఉన్నాను. ఆమె ఆగలేదు. చేతిలో సంచీ లేదు, ఎండకు గొడుగూ లేదు. మెట్లు దిగింది. గేటు దగ్గర కాపలావాడు లేచి నిలబడితే అతని వంక కూడా చూడలేదు. రోడ్డు దాటి, లారీల వెనక్కి వెళ్ళిపోయింది.

గోడ అవతల అతను బోర్డు మీద గీస్తూనే ఉన్నాడు.