వంటింటి గోడకు వేసిన సున్నం

ఆ గోడను తుడవకూడదని మొదటి రోజే తెలిసింది. మేం అద్దెకు దిగిన పూట ఇంటావిడ తాళంచెవి నా చేతిలో పెట్టి, మా పెట్టెలు ఇంకా వీధిలోనే ఉండగా నన్ను నేరుగా వంటింట్లోకి తీసుకెళ్లింది. పొయ్యికి ఎదురుగా ఉన్న గోడ చూపించి, చూపుడువేలు నా మొహం ముందు అటూ ఇటూ ఆడించింది. నేను ఏడో తరగతితో బడి మానేసినదాన్ని. అప్పటికి ఇంగ్లీషు ముక్క రాదు. అయినా ఆ వేలు చెప్పింది అర్థమైంది. గోడను ముట్టుకోవద్దు, తడిగుడ్డ పెట్టనే పెట్టొద్దు. రెండేళ్లు ఆ మాట జవదాటలేదు. జవదాటి ఒక్కసారి వేలు పెట్టి చూసినా బాగుండేది.

మెల్‌బోర్న్ నడిబొడ్డున, ట్రామ్ పట్టాలకు రెండు వీధుల అవతల ఉండేది ఆ ఇల్లు. పక్కింటి గోడే మన గోడగా, మన గోడే అవతలి వాళ్ల గోడగా వరసగా నిలబడ్డ పాతకాలపు రెండంతస్తుల ఇళ్లలో అదొకటి. వీధివైపు బాల్కనీకి ఇనుముతో అల్లిన లేసు ఉండేది. కింద ఇంటావిడ, పైన మేము. వంటిల్లు మాత్రం ఇద్దరికీ ఒకటే. ఇంటావిడ ఎనభై దాటిన మనిషి, ఒక్కర్తే. నేను మొదట్లో "ఆంటీ" అని పిలిస్తే, "నేనెవరికీ ఆంటీని కాను, ఉన్న ఒక్క మేనల్లుడూ నన్నలా పిలవడు" అంది. అలా అన్నదే, ఇంకో నెలకి నేను పిలవడం మరిచిపోతే "ఏం, ఇవాళ ఆంటీని కానా?" అని నిలదీసింది. ఆవిడ మాటలు నాకు అర్థమైన మేరకు తెలుగులో రాస్తున్నాను.

మా ఆయన కంప్యూటర్లలో తేదీలు దిద్దే పని మీద వచ్చారు. రెండువేల సంవత్సరం రాగానే మిషన్లన్నీ తికమకపడి వందేళ్లు వెనక్కి పోతాయని లోకమంతా బెంగపడిన రోజులవి. మా గుంటూరు వైపు ఏ ఇంటి ముందు నిలబడ్డా, లోపల ఎవరో ఒకరు ఆ కంప్యూటర్ కోర్సు చదువుతూ ఉండేవారు. పొద్దున ఏడింటికి వెళితే మా ఆయన చీకటి పడ్డాకే రావడం. పగలంతా నేనూ ఆవిడా వంటింట్లోనే. నేను గోంగూర అనుకుని ఏవో విత్తనాలు తెచ్చి వెనక కుండీల్లో చల్లితే, మొలిచింది ఇంకేదో ఆకు. ఆవిడ దాన్నే ఉడికించి తిని బాగుందంది. భాష నేర్పింది కూడా ఆవిడే. ఎదురుగా కూర్చుంటే చేతులతో, కళ్లతో సగం చెప్పేసేదాన్ని, మిగతా సగం ఆవిడ పూరించేది. ఫోన్‌లో మాత్రం నా ఇంగ్లీషు నిలబడేది కాదు. చేతులు కనిపించవు కదా.

ఇక ఆ గోడ సంగతి. ఆవిడ భర్త బొమ్మలు వేసేవాడు. రెండో ప్రపంచయుద్ధం అయిన కొత్తలో ఆ వీధిలో ఇళ్లు చవగ్గా దొరికేవట. బొమ్మలేసేవాళ్లు, కుండలు చేసేవాళ్లు, ఒక పియానో ఆయన, అందరూ రాత్రి భోజనానికి ఆ వంటింటికే చేరేవారు. తిని లేచాక ఎవరికి తోచింది వాళ్లు గోడ మీద వేసి వెళ్లేవారు. ఒక ఎర్ర చేప. కాళ్లు లేని నీలం గుర్రం, ఎందుకంటే కాళ్లు రావలసిన చోట అలమర ఉంది. ఎవరిదో బట్టతల, వెనక నుంచి. ఇవన్నీ రంగుల్లో, దిట్టంగా. వీటికి కింద, నేలకు మూరెడు పైన, నల్లగా ఒకే ఒక బొమ్మ. పీట మీద కూర్చుని బఠాణీలు వలుస్తున్న పడుచుపిల్ల. అది ఆవిడే.

"ఊరందరినీ గీశాడు మా ఆయన. తపాలా మనిషిని, పాలవాడి గుర్రాన్ని కూడా వదల్లేదు. నన్ను మాత్రం ఇదొక్కసారే" అనేది ఆవిడ. ఆయన మిగతా బొమ్మలన్నీ ఎవరెవరి ఇళ్లకో, మ్యూజియంలకో వెళ్లిపోయాయి. ఇది గోడ మీదది కాబట్టి ఇక్కడే ఉండిపోయింది.

జనవరి ఒకటిన ఏమీ జరగలేదు. లైట్లు వెలిగాయి, ట్రాములు నడిచాయి. ఏమీ జరగకపోవడమే మా ఆయన రెండేళ్లుగా చేసిన పని. ఆఫీసులో కేకు కోశారు. మార్చి నెలాఖరుకి కాంట్రాక్టు అయిపోయిందన్నారు. అదే వారం ఇంటావిడ నడవాలో జారిపడింది. తుంటి ఎముక విరిగింది. ఇక ఒంటరిగా ఉండలేదని డాక్టర్లు తేల్చారు. మేనల్లుడు వచ్చి సంతకాలు పెట్టాడు. ఆవిడకు వృద్ధులు ఉండే హోమ్‌లో గది, ఇంటికి అమ్మకం బోర్డు, మాకు నెల గడువు.

హాస్పిటల్‌కి వెళ్లి చూశాను. ఇల్లు అమ్ముతున్నందుకు ఆవిడ ఏడవలేదు. నా మణికట్టు పట్టుకుని, "నా గోడకి పెయింట్ వేయనివ్వకు. ఇల్లు ఎవడైనా కొనుక్కోనీ. అది మాత్రం ఉండాలి" అంది. నేను ఆవిడ చేతిలో చెయ్యి వేశాను. మా వైపు అలా చెయ్యి వేస్తే మాట ఇచ్చినట్టు. ఆవిడకు ఆ సంగతి తెలియకపోయినా గట్టిగా పట్టుకుంది.

ఇల్లు అమ్మిపెట్టే ఏజెంటు సోమవారం వచ్చాడు. అద్దంలా మెరిసే బూట్లు, చేతిలో కెమెరా. ఇల్లంతా తిరిగి ఫొటోలు తీసి, వంటింటి గోడ దగ్గర ఆగి పెదవి విరిచాడు. మా ఆయన అడిగి నాకు చెప్పారు. చిత్రకారుల ఇల్లని అమ్మకం కాగితంలో పెద్ద అక్షరాలతో వేస్తారట. అయితే కొనేవాడు తన వంటింట్లో ఇంకొకళ్ల గీతలు ఉంచుకోడట. శనివారం వేలం. గురువారం పెయింటర్ వచ్చి తెల్లరంగు రెండు పూతలు వేస్తాడు.

"ఏవండీ, పెయింటర్ వద్దని చెప్పండి. నేనే తెల్లగా చేసి పెడతానని చెప్పండి."

"నువ్వా? దేంతో చేస్తావే?"

"సున్నంతో."

"మీ పుట్టింటి చావిడి అనుకున్నావా ఇది? హెరిటేజ్ ఇల్లే, హెరిటేజ్!"

"పెయింట్ వేస్తే ఇక గీకినా రాదు. సున్నమైతే నాలుగు వానలు పడితే పోతుంది."

"వంటింట్లో వానెక్కడ కురుస్తుందే తల్లీ?"

"తడిగుడ్డ పెడితే పోతుంది లెండి. ముందు అడగండి మీరు."

అది గాలిమాట కాదు. మా నాన్న ఏటా ఉగాదికి మమ్మల్ని గోడకు నిలబెట్టి, వడ్రంగి పెన్సిల్‌తో ఎత్తు గీత పెట్టేవారు. అమ్మ పండగకి వాటి మీదే సున్నం కొట్టించేది. వానాకాలం వచ్చేసరికి సున్నం పెచ్చులూడి, గీతలన్నీ మళ్లీ పైకి వచ్చేవి. మా అక్క గీత, నా గీత, పోయిన తమ్ముడి గీత. సున్నం కప్పుతుందే కానీ చెరపదని నాకు తెలుసు. తెలుసనే అనుకున్నాను. మా ఆయన అడిగితే, ఏజెంటుకు పెయింటర్ ఖర్చు తప్పిందని సంతోషం. తెల్లగా ఉంటే చాలన్నాడు.

సున్నం కోసం ముందు మన సరుకులమ్మే హైదరాబాదీ భాయ్ కొట్టుకి వెళ్లాను.

"సున్నమా? ఆకులకా, ఇంటికా?" అన్నాడు.

"ఇంటికి భాయ్."

"ఇంటికా! నా తాన డబ్బీలల్ల ఉన్నది. అన్ని డబ్బీలు గోకినా నీ పొయ్యిగట్టుకు గూడ సరిపోదు బేటీ. గా మూల మీద హార్డ్‌వేర్ షాపున్నది, ఆడ బస్తాల్ల దొర్కుతది." నేను గుమ్మం దిగుతుంటే వెనక నుంచి, "పూసినంక చెయ్యి నోట్ల పెట్టుకోకు, నీ దగ్గర వక్క లేదు!" అని నవ్వాడు.

ఆ బస్తా మా ఆయన ట్రామ్‌లో ఒళ్లో పెట్టుకుని తెచ్చారు. బుధవారమంతా బకెట్‌లో నానబెట్టి, గుడ్డలో వడగట్టి, చిటికెడు నీలిమందు కలిపాను. మామూలుగా అయితే గోడను పట్టుకోవాలని బంక కూడా కలుపుతారు. నేను కావాలనే కలపలేదు. రేపెవరైనా తుడిస్తే సులువుగా రావాలి కదా.

గురువారం పొద్దున మొదలుపెట్టాను. పై నుంచి కిందికి. చేప మీద మొదటి పూత నిలవలేదు, నూనె రంగు కాబట్టి జారిపోయింది. రెండో పూతకి నిలిచింది. కొంచెం ఆరాక ఓ మూల తడిగుడ్డతో తుడిచి చూస్తే తోక ఎర్రగా, చెక్కుచెదరకుండా కనిపించింది. ప్రాణం కుదుటపడింది. గుర్రం అయింది, బట్టతల అయింది. మధ్యాహ్నానికి మోకాళ్ల మీద కూర్చుని ఆవిడ బొమ్మ దగ్గరికి వచ్చాను. "కాసేపు కళ్లు మూసుకో తల్లీ" అని, ఎడమ నుంచి కుడికి కుంచె లాగాను.

తెల్లటి పూత బూడిద రంగుకు తిరిగింది.

మొదట కుంచెకి మురికి అంటిందనుకున్నాను. తిప్పి చూశాను. మా నాయనమ్మ పళ్లు తోముకుని ఉమ్మిన నీళ్ల రంగు. అప్పుడు తెలిసింది. అది పెన్సిల్ కాదు, రంగూ కాదు. నాయనమ్మ పళ్లు తోముకునే వట్టి బొగ్గు. అంత కాలం గోడ మీద గాలికి ఆగిన బొగ్గు. జుట్టు, నుదురు, కళ్లు ఒక్క లాగుకే పోయాయి. నేను అక్కడితో ఆగినా సరిపోయేది. కంగారులో కొంగు తీసి అద్దాను. దాంతో నోరూ మెడా కూడా కలిసిపోయాయి. మిగిలింది భుజాల కింది భాగం. ఒళ్లో గిన్నె, రెండు చేతులు, పాదాలు.

మా ఆయన వచ్చేసరికి కుంచె చేతిలోనే ఎండిపోయింది. ఆయన గోడ చూశారు, నన్ను చూశారు. అరవలేదు.

"మిగతాది కూడా వేసెయ్. ఆవిడ ఇక ఈ ఇంట్లోకి రాదుగా. సున్నం కింద భద్రంగా ఉందనే అనుకుంటుంది. పోయేవరకూ అలా అనుకోనీ" అన్నారు.

దయతోనే అన్నారాయన. కానీ ఆ చేతుల మీద కుంచె పెట్టలేకపోయాను. ఇద్దరం కలిసి భోజనాల బల్ల ఆ మూలకి జరిపాం. శుక్రవారం ఏజెంటు వచ్చి చూసి, బాగుందని బొటనవేలు ఎత్తి వెళ్లాడు.

శనివారం పొద్దున్నే వీధి నిండా జనం. ఇక్కడ ఇల్లు అమ్మితే ఇంటి ముందే, నడిరోడ్డు మీదే వేలం. సగం మంది కొనడానికి, సగం మంది వినోదానికి. కాగితాలు పంచుతున్నారు. నేను సామాన్లు కట్టుకుంటున్నాను, మర్నాడే ఊరి శివార్లలోని వెర్రిబీలో అద్దింటికి మా ప్రయాణం. అప్పుడు గుమ్మంలో చక్రాల కుర్చీ చప్పుడైంది. మేనల్లుడు ఆవిడను తీసుకొచ్చాడు. చూసి తీరతానని పట్టుబట్టిందట.

"నువ్వు బయటికి వెళ్లి వాళ్ల అరుపులు విను" అని అతన్ని పంపేసి, కుర్చీని వంటింట్లోకి తోయమని నాతో అంది.

తెల్లటి గోడ చూసింది ఆవిడ. "పెయింటా?"

"పెయింట్ కాదు ఆంటీ. లైమ్. వాటర్, క్లాత్, పోతుంది. ఫిష్ ఉంది. హార్స్ ఉంది."

"నేను?"

అబద్ధం ఆడదామని నోరు తెరిచాను. ఆవిడ నా చెయ్యి పట్టుకుని ఉంది, హాస్పిటల్‌లో పట్టుకున్నట్టే. చెయ్యి విడిపించుకుని బల్ల పక్కకి లాగాను. "నేనే చేశాను. పెన్సిల్ అనుకున్నాను" అన్నాను. ఇంగ్లీషులో ఎలా చెప్పానో ఇప్పటికీ నాకు తెలియదు.

ఆవిడ ముందుకు వంగి చూసింది. బూడిద రంగు మరక మీద బొటనవేలు పెట్టి, తీసి, వేలికి అంటిన నలుపును చూసుకుంది.

"కాసేపు నావైపు చూడకు" అంది.

నేను కిటికీ వైపు తిరిగాను. బయట ఏజెంటు గొంతు ఖంగున వినిపిస్తోంది. ఈ ఇంటి వంటింట్లో ఎందరో మహానుభావులు భోజనాలు చేశారని, ఈ గోడల మధ్య కళ పుట్టిందని. జనం నవ్వుతున్నారు. ఒకడు వేలంపాట మొదలుపెట్టాడు, ఇంకొకడు పెంచాడు.

"వార్నిష్ పూయమని చెప్తూనే ఉండేదాన్ని ఆయనకి" అంది ఆవిడ వెనక నుంచి. "పూస్తే బొగ్గు చచ్చిపోతుందనేవాడు. ఇన్నేళ్లూ ఈ గోడకి ఆవిరి తగలకుండా కెటిల్ ఎటు తిప్పాలో చూసుకుంటూ వండాను. నీకు వేలు ఊపి ఊరుకున్నాను. బొగ్గు అని చెప్పలేదు." కాస్త ఆగి, "నీ మీద కోపం లేదని అనను. ఉంది" అంది.

"ఉండనివ్వండి ఆంటీ" అన్నాను.

"నువ్వు రోజూ చూసేదానివిగా దాన్ని, బియ్యం ఏరుకుంటూ. ఇలా రా. ఏమేం ఉండేదో చెప్పు."

నేల మీద కూర్చుని చెప్పడం మొదలుపెట్టాను. నాకు చదువు లేదు కానీ చూసింది మరిచిపోను. జుట్టు ముడి వేసి మధ్యలో పెన్సిల్ గుచ్చి ఉంది. ఎడమ చెవి దగ్గర ఒక పాయ ఊడింది, మూడు గీతలు, మూడోది పొట్టి. ఎడమ కనుబొమ్మ ఒకే గీత, కుడిది రెండుసార్లు దిద్దాడు. కళ్లు గిన్నెలోకి వాలి ఉన్నాయి, రెప్పలే కనిపిస్తాయి. మాటలు చాలని చోట నా మొహం మీదే వేలితో గీసి చూపించాను. ఆవిడ కళ్లు మూసుకుని వింటోంది.

"నోరు కొంచెం తెరుచుకుని ఉంది. పాట పాడుతున్నట్టు" అన్నాను.

"పాటా నా మొహమా!" కళ్లు తెరవకుండానే అంది. "తిడుతున్నాను. పొయ్యి మీద పాలు చూడమంటే, బొగ్గుముక్క పట్టుకుని నేల మీద కూర్చున్నాడు. పాలన్నీ పొంగిపోయాయి."

బయట ఒక్కసారిగా చప్పట్లు మోగాయి. మేనల్లుడు పరిగెత్తుకుంటూ వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు, మొహం వెలిగిపోతూ. ఏదో చెప్పబోయాడు. ఆవిడ కళ్లు తెరవలేదు. బొగ్గంటిన చెయ్యి ఎత్తి, చూపుడువేలు అటూ ఇటూ ఆడించింది. అతను నోరు మూసుకున్నాడు.

"ఇంకా మెడ చెప్పలేదు నువ్వు" అంది నాతో.

మెడ చెప్పాను.